హైడ్రో బిల్లు వెనకాల మనిషి – సర్ ఆడం బెక్

అంటారియోలో కాపురం పెట్టిన మన తెలుగువాళ్ళలో చాలామందికి మొదటి నెలలోనే ఎదురయ్యే చిన్న తమాషా ఒకటుంది. మేము వచ్చిన కొత్తల్లో అపార్ట్‌మెంటు చూపించినావిడ అద్దెలో హైడ్రో కలిసి లేదని చెబితే, నీళ్ళ బిల్లు విడిగా కట్టుకోవాలి కాబోలనుకుని తలూపి సంతకం పెట్టేశాను. నెల తిరిగేసరికి హైడ్రో బిల్లని ఒక కవరు వచ్చింది. విప్పి చూస్తే నీళ్ళ ఊసే లేదు, అన్నీ కిలోవాట్ అవర్లే! నేనేమో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివొచ్చినవాణ్ణి. మా ఆవిడ ఆ కవరు పట్టుకుని నవ్విన నవ్వు నాకింకా గుర్తే.

ఇవాళ అంటారియో కరెంటులో సుమారు సగం అణువిద్యుత్ కేంద్రాల నుంచి వస్తుంది. అయినా జనం నోట మాత్రం కరెంటంటే హైడ్రోనే, కరెంటు స్తంభం అంటే హైడ్రో పోలే. ఈ అలవాటు వెనకాల ఒక మనిషి కథ ఉంది. టొరంటోలో యూనివర్సిటీ అవెన్యూ, క్వీన్ స్ట్రీట్ కలిసే చోట నిలువెత్తు కంచు విగ్రహం ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. ఎమాన్యుయెల్ హాన్ అనే శిల్పి చేసిన ఆ విగ్రహాన్ని 1934లో అక్కడ నిలబెట్టారు. మా ఆఫీసు ఆ దగ్గర్లోనే ఉండేది. ఎండ కాసిన రోజున పెరుగన్నం డబ్బా పట్టుకుని వెళ్ళి ఆ విగ్రహం పక్కన కూచుని తినేవాణ్ణి. ఆ పెద్దమనిషి ఎవరో కనుక్కుందామని చాలా ఏళ్ళు నాకు తోచనే లేదు. తెలిశాక సిగ్గేసింది. ఎందుకంటే హైటెన్షన్ లైన్ల లెక్కలు కట్టటమే నా ఉద్యోగం, ఈ రాష్ట్రంలో జనం సొంత లైన్లకి శ్రీకారం చుట్టింది ఆయనే. పేరు సర్ ఆడం బెక్.

మా ఊరి మీద లైను

బెక్ గారి కథలోకి వెళ్ళేముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన మీద నాకెందుకింత ఆసక్తో మీకర్థం కాదు.

కృష్ణా జిల్లాలో మాదొక చిన్న ఊరు. నాకు ఊహ తెలిసేనాటికే మా పొలాల మీదుగా హైటెన్షన్ లైను ఒకటి పోయేది. గట్టు మీద పడుకుని చూస్తే ఆ ఇనప టవర్లు రాక్షసుల్లా చేతులు చాపుకుని వరసగా నడిచిపోతున్నట్టుండేవి. వర్షాకాలంలో వాటి కింద నిలబడితే గుయ్యిమని చప్పుడు వినిపించేది. అంత కరెంటు నెత్తిమీద నుంచి పోతున్నా మా ఇంట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డే. నేను ఏడో తరగతికొచ్చేదాకా ఊళ్ళో దీపం లేదు. అది పట్నాల కరెంటనీ, మనది కాదనీ మా నాయనమ్మ సర్దిచెప్పేది. నాకది అన్యాయంగా తోచేది. నిచ్చెన వేసుకుని ఒక తీగ తగిలిస్తే పోదా అనుకునేవాణ్ణి.

కాలేజీకి వెళ్ళాక అది నిచ్చెనతో అయ్యే పని కాదని తెలిసింది. లక్షకి పైగా ఓల్టుల లైను నుంచి ఇంటికి వాడుకునే కరెంటు కావాలంటే మధ్యలో సబ్‌స్టేషను కట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాలి, అక్కడి నుంచి చిన్న లైన్లు లాగాలి. అన్నీ ఖర్చుతో కూడిన పనులే. ఏ ఊరి దగ్గర సబ్‌స్టేషను కట్టాలి, ఏ ఊరి మీదుగా ఊరికే దాటిపోవాలి అన్నది తీగల లెక్క తేల్చే విషయం కాదు. అది మనుషులు తేల్చవలసిన విషయం. బెక్ తన జీవితమంతా పోట్లాడింది సరిగ్గా దీని గురించే.

చుట్టల పెట్టెల వ్యాపారి

ఆడం బెక్ 1857 జూన్ 20న అంటారియోలో బేడెన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి జేకబ్ బెక్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. ఇనుము పోతపోసే ఫౌండ్రీ పెట్టాడు, పిండిమర నడిపాడు, ఆ ఊరికి తన సొంత ప్రాంతం పేరే పెట్టుకున్నాడు. తల్లి షార్లొట్ హెస్పెలర్. ఆమెదీ జర్మన్ కుటుంబమే. ఆడం గాల్ట్ ఊళ్ళో చదివి, తండ్రి ఫౌండ్రీలో అచ్చులు పోసే పనిలో చేరాడు. వలస వచ్చినవాడి కొడుకు, చేతులకి మసి అంటిన కుర్రాడు. ఆ తర్వాత తండ్రి వ్యాపారం దివాళా తీసింది. తండ్రి అమెరికా వెళ్ళిపోయాడు, ఆడం ఇక్కడే ఉండిపోయాడు.

1880ల మొదట్లో అన్నతమ్ముల వాటాతో గాల్ట్‌లో చుట్టల పెట్టెలు చేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ రోజుల్లో చుట్టలు పల్చటి చెక్క పెట్టెల్లో అమ్మేవారు. కొన్నేళ్ళకి వ్యాపారాన్ని లండన్‌కి మార్చాడు. ఇంగ్లండులోది కాదు, అంటారియోలోని లండన్. అక్కడ బాగా కలిసొచ్చింది. డబ్బు చేతికొచ్చాక గుర్రాల మీద మోజు పెరిగి, మేలుజాతి గుర్రాల్ని పెంచి ప్రదర్శనల్లో బహుమతులు కొట్టాడు. 1898లో హామిల్టన్‌కి చెందిన లిలియన్ ఆటవేని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకి మారియన్ అనే ఒక్కతే కూతురు. 1902లో లండన్ మేయరయ్యాడు, అదే ఏడాది కన్సర్వేటివ్ పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభకీ ఎన్నికయ్యాడు.

ఇంతవరకూ చూస్తే చరిత్రలో నిలిచే మనిషిలా ఏమీ కనిపించడు. కలిగిన కుటుంబాలవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ మేయర్లవుతూనే ఉంటారు కదా. ఆయన్ని మార్చింది కరెంటు.

నయాగరా ఎవరిది?

అంటారియోకి సొంత బొగ్గు లేదు. ఫ్యాక్టరీలు నడవాలన్నా చలికాలంలో ఇళ్ళు వెచ్చబడాలన్నా పెన్సిల్వేనియా బొగ్గే దిక్కు. 1902లో అక్కడి గని కార్మికులు నెలల తరబడి సమ్మె చేసేసరికి ఇక్కడ బొగ్గు కరువొచ్చింది. మరోపక్క నయాగరాలో అంత నీరు దూకుతోంది. 1896లోనే అమెరికా వైపు నుంచి బఫలో నగరానికి 11,000 ఓల్టుల లైను మీద కరెంటు పంపారు. కెనడా వైపు ఆ నీటిని వాడుకునే హక్కుల్ని కొన్ని ప్రైవేటు కంపెనీలు చేజిక్కించుకున్నాయి. వాటిలో ఒకదానికి పెద్ద సర్ హెన్రీ పెల్లాట్. టొరంటోలో మనమంతా చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపించే కాసా లోమా కోట కట్టించింది ఈయనే.

కంపెనీల లెక్క సులువైనది. టొరంటో పెద్ద గిరాకీ కాబట్టి అక్కడికి లైను వేస్తే లాభం. బెర్లిన్, గాల్ట్, గ్వెల్ఫ్, లండన్ లాంటి చిన్న ఊళ్ళ సంగతి వాళ్ళకి పట్టలేదు. ఆ ఊళ్ళవాళ్ళకి కడుపు మండింది. జర్మన్ జనాభా ఎక్కువగా ఉండే బెర్లిన్‌లో, అంటే 1916లో కిచెనర్‌గా పేరు మార్చుకున్న ఊళ్ళో, 1902లోనూ 1903లోనూ సమావేశాలు పెట్టుకున్నారు. బెక్ అక్కడికి లండన్ మేయరు హోదాలో వెళ్ళాడు. మొదట్లో వెనక బెంచీలోనే ఉన్నా త్వరలోనే ఉద్యమానికి నాయకుడయ్యాడు. ఆయన వాదన ఒక్కటే. నయాగరా నీళ్ళు జనానివి. ఆ కరెంటు లాభం వేసుకోకుండా, అయిన ఖర్చుకే జనానికి చేరాలి, పెద్ద నగరంతోబాటు చిన్న ఊరికీ చేరాలి.

1905లో కన్సర్వేటివ్‌లు నెగ్గి జేమ్స్ విట్నీ ప్రీమియరయ్యాడు. బెక్‌కి శాఖ లేని మంత్రి పదవి ఇచ్చి ఈ పని అప్పజెప్పాడు. 1906లో అంటారియో హైడ్రో ఎలక్ట్రిక్ పవర్ కమిషన్ ఏర్పడింది. బెక్ దానికి ఛైర్మన్. ఆ పొడుగు పేరుని జనం కుదించి హైడ్రో అనటం మొదలుపెట్టారు. నాకు వచ్చిన కవరు మీద ఉన్న మాట అదే. 1907 జనవరి 1న ఊరూరా ఓటు పెట్టారు. సొంత డబ్బుతో సొంత కరెంటు తెచ్చుకోవటానికి జనం సరేనన్నారు.

ఇక్కడొక చమత్కారం ఉంది. హైడ్రోకి మొదట్లో సొంత విద్యుత్ కేంద్రమే లేదు. నయాగరాలో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర కరెంటు కొని, దాన్ని మోసే లైన్లు మాత్రం తనే వేసుకుంది. అంటే పోరాటం మొదలైంది జనరేటరు దగ్గర కాదు, తీగ దగ్గర. లైను ఎవరి చేతిలో ఉంటే ఏ ఊరికి దీపం వస్తుందో వాళ్ళే తేలుస్తారని బెక్‌కి బాగా తెలుసు.

తీగల లెక్క

ఈ భాగం మన ఇంజనీరు మిత్రుల కోసం. మిగతావాళ్ళు కూడా కంగారు పడనక్కర్లేదు, పెరట్లో దండెం చూసినవాళ్ళందరికీ అర్థమయ్యేదే.

నయాగరా నుంచి లండన్ దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు. అంత దూరం కరెంటు పంపితే తీగ వేడెక్కి దారిలోనే కొంత పోతుంది. ఆ నష్టం ఆంపియర్ల వర్గాన్నిబట్టి పెరుగుతుంది. ఓల్టేజి రెట్టింపు చేస్తే అంతే శక్తికి ఆంపియర్లు సగమవుతాయి, నష్టం నాలుగో వంతుకి దిగుతుంది. అయితే ఆనాటి పింగాణీ ఇన్సులేటర్లు పుట్టగొడుగుల్లా స్తంభం మీద నిలబెట్టేవి. 60,000 ఓల్టులు దాటితే అవి మోయలేనంత పెద్దవి కావలసి వచ్చేది. 1907లో అమెరికాలో హ్యూలెట్, బక్ అనే ఇద్దరు ఇంజనీర్లు పింగాణీ పళ్ళేల్ని ఒకదాని కింద ఒకటి గొలుసుగా వేలాడదీసే పద్ధతి తెచ్చారు. ఓల్టేజి పెంచాలంటే ఇంకో రెండు పళ్ళేలు తగిలిస్తే సరి! ఈనాటికీ మన రోడ్ల పక్క టవర్ల మీద కనపడేవి అవే. హైడ్రో ఆ కొత్త పద్ధతిని నమ్ముకుని 1,10,000 ఓల్టులకి సిద్ధపడింది. 60,000తో పోలిస్తే అదే తీగలో నష్టం మూడో వంతు కన్నా తక్కువ. ఆనాటికి ప్రపంచంలో అతి హెచ్చు ఓల్టేజి లైన్లలో అదొకటి.

ఇక తీగ బరువు సంగతి. దండెం ఎంత లాగి కట్టినా మధ్యలో కొంచెం కిందికి వంగుతుంది. మరీ బిగిస్తే మేకు ఊడొస్తుంది. తడి దుప్పట్లు ఆరేస్తే ఇంకా దిగుతుంది. టవర్ల మధ్య తీగా అంతే. ఉదాహరణకి ఈ రోజుల్లో బాగా వాడే డ్రేక్ అనే రకం తీగ 28 మిల్లీమీటర్ల లావుంటుంది, మీటరుకి 1.63 కిలోల బరువు. 300 మీటర్ల దూరంలో రెండు టవర్లు పెట్టి, 25 కిలోన్యూటన్ల బిగువుతో లాగితే మధ్యలో 7 మీటర్ల పైచిలుకు దిగుతుంది. ఎండాకాలంలో తీగ సాగి ఇంకా కిందికొస్తుంది, చలికాలంలో కుంచించుకుపోయి బిగుసుకుంటుంది. ఆపైన కెనడాలో మంచు ఒకటి. తీగ చుట్టూ 12.5 మిల్లీమీటర్ల మందాన మంచు పట్టిందంటే మీటరుకి 1.4 కిలోలు కలుస్తుంది, అంటే బరువు దాదాపు రెట్టింపు. అదే మందం 30 మిల్లీమీటర్లయితే మంచు ఒక్కటే దాదాపు 5 కిలోలు. దానికి గాలి తోడైతే చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడి ప్రమాణాల్లో ఏ ప్రాంతంలో ఎంత మంచు, ఎంత గాలి, ఎంత చలి లెక్కలోకి తీసుకోవాలో రాసి పెట్టారు.

మేము వీటన్నిటినీ కంప్యూటరు మీద నిమిషాల్లో చూసుకునేవాళ్ళం. 1908లో పనివాళ్ళు టవర్లు మొదలుపెట్టినప్పుడు ఇంజనీర్ల చేతిలో ఉన్నది స్లైడ్ రూలు, పెన్సిలు. ఆ కాగితాల మీద లెక్కలు కట్టి బురదల్లో, అడవుల్లో వందల మైళ్ళు లైను నిలబెట్టారని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గౌరవంతో తల వంగుతుంది.

ఇంకో లైను, కోలారుకి

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలోనూ ఇలాంటి లైను ఒకటి వచ్చింది. 1902లో మైసూరు సంస్థానంలో కావేరి మీద శివసముద్రం జలపాతం నుంచి కోలారు బంగారు గనులకి సుమారు 147 కిలోమీటర్ల లైను వేశారు. అప్పటికి ప్రపంచంలోని పొడుగు లైన్లలో అదొకటి. ఆ పథకం వేసిన ఇంజనీరు ఎవరో తెలుసాండీ? కెనడావాడే! పేరు అలేన్ జోలీ ద లోబినియేర్. క్యూబెక్ ప్రీమియరుగా చేసినాయన కొడుకు, కింగ్‌స్టన్‌లోని మిలిటరీ కాలేజీలో చదివి బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరుగా మన దేశానికి వచ్చినవాడు. ఆ గనుల్లో తెలుగువాళ్ళు, తమిళులు వేలాదిగా పనిచేసేవారు. ఇంజనీరింగు పరంగా అది గొప్ప పని. 1905లో బెంగళూరు వీధులకీ దీపాలొచ్చాయి. కానీ ఆ లైను వేసింది మాత్రం గనుల కోసం. కింద ఉన్న పల్లెల్లో ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బుడ్డి దీపాలే.

రెండు లైన్లూ జలపాతం నుంచి బయలుదేరినవే, రెండిట్లోనూ తీగ లెక్క ఒకటే. తేడా ఎక్కడుందంటే, ఒకటి ఊళ్ళని దాటి గనికి పోయింది, రెండోది ఊళ్ళ కోసం ఆగింది.

1910 అక్టోబరు 11

ఆ రోజు సాయంత్రం బెర్లిన్‌లో పండగ. వేలమంది గుమిగూడారు. ప్రీమియర్ విట్నీ, బెక్ కలిసి మీట నొక్కారు. ఊళ్ళో దీపాలు వెలిగాయి. టొరంటో కంటే ముందు ఒక చిన్న ఊళ్ళో! టొరంటోకి హైడ్రో కరెంటు 1911లో అందింది. ఇంకా దూరాన ఉన్న విండ్సర్‌కి 1914లో చేరింది. ధరలు దిగొచ్చాయి. ప్రైవేటు కంపెనీలు కూడా తగ్గించక తప్పలేదు.

పల్లెల్లో రైతులకి కరెంటుతో ఏమేం చేసుకోవచ్చో చూపించటానికి బెక్ బళ్ళ మీద మోటార్లు, పాలు పితికే యంత్రాలు, చిలికే యంత్రాలు వేసుకుని 1912 నుంచి ఊరూరా తిప్పించాడు. జనం దాన్ని సరదాగా సర్కస్ అనేవారు. 1914లో ఆయనకి సర్ బిరుదొచ్చింది.

ఈ మధ్యలోనే ఇంట్లో ఒక కష్టమొచ్చింది. కూతురు మారియన్‌కి క్షయ సోకింది. డబ్బున్నవాళ్ళు కాబట్టి యూరప్ తీసుకెళ్ళి వైద్యం చేయించారు, పిల్ల బతికింది. లేనివాళ్ళ గతేమిటని భార్యాభర్తలిద్దరూ పూనుకుని 1910లో లండన్ పక్కన బైరన్‌లో క్షయ ఆస్పత్రి కట్టించారు. రాజకీయాల్లో ఆయన్ని ఎంత తిట్టినవాళ్ళయినా ఈ విషయంలో చేతులెత్తి దణ్ణం పెట్టారు.

బెక్ లోపాలు

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది పొగడ్త అవుతుంది కానీ జీవిత కథ కాదు. బెక్‌తో పనిచెయ్యటం మహా కష్టమని అందరూ ఒప్పుకున్న మాట. ఎదురు చెప్పినవాణ్ణి శత్రువుగా చూసేవాడు. మంత్రులకీ శాసనసభకీ లెక్కలు సరిగ్గా చెప్పేవాడు కాదు. హైడ్రో అంటే తానే, తానంటే హైడ్రోనే అన్నట్టుండేవాడు.

అది బాగా బయటపడింది క్వీన్‌స్టన్ ప్రాజెక్టులో. కొన్న కరెంటు చాలక 1917లో హైడ్రో సొంత కేంద్రం మొదలుపెట్టింది. నయాగరా పైభాగాన చిప్పవా దగ్గర నీళ్ళు మళ్ళించి, అక్కడి వెల్లండ్ నదిని వెనక్కి పారేలా చేసి, కొత్తగా తవ్విన కాలవలో క్వీన్‌స్టన్ దాకా తెచ్చి అక్కడ కిందికి దూకించాలి. జలపాతం దగ్గర దొరికే ఎత్తు సుమారు 50 మీటర్లయితే ఇక్కడ 90 మీటర్లు. ఆలోచన అద్భుతం. దాదాపు పదివేలమంది పనిచేశారు. 1921 డిసెంబరులో ప్రారంభమయ్యేటప్పటికి ప్రపంచంలో అతి పెద్ద జలవిద్యుత్ కేంద్రం అదే. కానీ మొదటి అంచనాకి ఎన్నో రెట్లు పెరిగి ఖర్చు ఏడున్నర కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో ప్లాను పెద్దదైన మాట నిజమే, యుద్ధంలో ధరలు పెరిగిన మాటా నిజమే. కానీ ఆ సంగతి ప్రభుత్వానికి ఎప్పటికప్పుడు చెప్పలేదన్నది కూడా నిజం. పనివాళ్ళ కష్టం, ప్రమాదాలు సరేసరి. ఊళ్ళన్నిటినీ కలుపుతూ ఎలక్ట్రిక్ రైళ్ళు వేద్దామన్న ఆయన ఇంకో కలని 1921లో విచారణ సంఘం గిట్టుబాటు కాదని తేల్చింది. 1919 ఎన్నికల్లో సొంత ఊళ్ళోనే ఓడిపోయాడు. అయినా హైడ్రో పదవి వదల్లేదు. 1922లో ప్రభుత్వం గ్రెగరీ అధ్యక్షతన విచారణ వేసింది. సొంత కార్యదర్శే డబ్బు కాజేసి, పట్టుబడ్డాక ఆయన మీద నేరాలు మోపాడు. చివరికి విచారణల్లో తేలిందేమిటంటే, బెక్ తన జేబులో వేసుకున్నది లేదు, కానీ ఆయన పని నడిపిన తీరు మాత్రం సరైంది కాదు.

నా ఉద్యోగంలో ఒక పాఠం నేర్చుకున్నాను. కొత్తల్లో ఒక లైను లెక్కలో నేను పొరపాటు చేశాను. వేసవి వేడికి తీగ ఎంత దిగుతుందో తక్కువ వేశాను. తనిఖీలో బయటపడే ముందే నాకు తెలిసింది. కానీ రెండు రోజులు నోరు విప్పలేదు. పరువు పోతుందని భయం. మూడో రోజు పొద్దున్నే వెళ్ళి మా పెద్దాయనకి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. చెప్పటానికి ఆలస్యం చేసిన రెండు రోజుల గురించి మాత్రం చాలాసేపు మాట్లాడాడు. ఆ పొరపాటు ఎంత పెద్దదో నాకు 2003 ఆగస్టు 14న పూర్తిగా అర్థమైంది. ఒహాయోలో బాగా బరువు మోస్తున్న తీగలు వేడెక్కి కిందికి దిగి చెట్లకి తగిలాయి. అలా మొదలైన గొలుసులో సాయంత్రానికి అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయింది. టొరంటోలో మేమంతా ఆ రాత్రి వీధిలో కుర్చీలు వేసుకుని, మా ఊళ్ళోలాగా నక్షత్రాలు చూశాం. తీగ ఎంత దిగుతుందో దాచిపెట్టకూడదు. బెక్ ఖర్చుల లెక్కలో చేసిన తప్పు అదే అనిపిస్తుంది నాకు.

చివరి రోజులు

క్వీన్‌స్టన్ ప్రారంభమైన 1921లోనే ఆయన భార్య లిలియన్ పోయింది. 1923లో మళ్ళీ శాసనసభకి గెలిచాడు కానీ ఆరోగ్యం పాడైంది. రక్తహీనత జబ్బు చేసి 1925 ఆగస్టు 15న లండన్‌లో కన్నుమూశాడు. హామిల్టన్‌లో భార్య పక్కనే సమాధి చేశారు. రాజకీయ నాయకులు హైడ్రోని పాడు చెయ్యకుండా దాని చుట్టూ ఒక ఇనప పట్టీ బిగించి పోదామనుకున్నాననీ, అంత సమయం దొరకలేదనీ చివరి రోజుల్లో బాధపడేవాడని చెబుతారు. క్వీన్‌స్టన్ కేంద్రానికి 1950లో ఆయన పేరే పెట్టారు. ఈసారి నయాగరా వెళ్ళినప్పుడు జలపాతం చూసి వెనక్కి రాకుండా, నది వెంట ఇంకొంచెం ముందుకి వెళ్ళండి. కొండ అంచున కనపడుతుంది.

ఆయన కోరుకున్న ఇనప పట్టీ పడలేదు. 1999లో అంటారియో హైడ్రోని ముక్కలు చేశారు. లైన్ల భాగానికి హైడ్రో వన్ అని పేరొచ్చింది. 2015 నవంబరు నుంచి దాని షేర్లు మార్కెట్లో అమ్మారు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం వాటా సగం కన్నా తక్కువ. ఇది మంచిదా చెడ్డదా అని మా ఇంటి భోజనాల బల్ల దగ్గరే ఏకాభిప్రాయం లేదు, మీకు ఎలా చెప్పను! కానీ 1998 జనవరి మాత్రం నేను మర్చిపోలేను. అయిదారు రోజులు ఆగకుండా గడ్డకట్టే వాన కురిసింది. క్యూబెక్‌లోనూ తూర్పు అంటారియోలోనూ వెయ్యికి పైగా హైటెన్షన్ టవర్లు, వేల స్తంభాలు ఒరిగిపోయాయి. లక్షల ఇళ్ళు చలిలో చీకట్లో ఉండిపోయాయి. అప్పుడు కూలిన టవర్ల ఫోటోలు ముందేసుకుని, ఒకటి పడితే పదీ పడకుండా మధ్య మధ్యలో గట్టి టవర్లు ఎక్కడ పెట్టాలా అని లెక్కలు కట్టేవాళ్ళం. లైను ఎవరిదైనా అది పడిపోయిన రోజున చలికి వణికేది మాత్రం కింద ఉన్న మనిషే.

ఒక్క మాటతో ముగిస్తాను. బెక్ మాట ఇచ్చినా అంటారియో అంతటికీ కరెంటు అందటానికి చాలా కాలం పట్టింది. పల్లె లైన్లకి సగం ఖర్చు ప్రభుత్వం పెట్టుకునే చట్టం 1921లో వచ్చినా, చాలా పొలాల్లో దీపం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వెలిగింది. ఉత్తరాన అడవుల్లో ఉండే ఆదివాసుల ఊళ్ళయితే నిన్న మొన్నటిదాకా డీజిలు జనరేటర్ల మీదే బతికాయి. అక్కడికి ఇప్పుడు సుమారు 1,800 కిలోమీటర్ల లైన్లు పడ్డాయి. వటాయ్‌నికనేయాప్ అని ఆ ప్రాజెక్టు పేరు. 24 ఆదివాసీ సమాజాలు కలిసి అందులో సగం కన్నా ఎక్కువ వాటా తీసుకున్నాయి. 2018 డిసెంబరులో పికాంజికమ్ అనే ఊరికి మొదట కరెంటొచ్చింది, తర్వాత ఒక్కొక్క ఊరూ కలుస్తూ వచ్చింది. ఆ లైను వాళ్ళ నెత్తి మీదుగా ఊరికే పోలేదు, వాళ్ళ కోసమే వెళ్ళింది.

ఆ వార్త చదివిన రోజున నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు యూనివర్సిటీ అవెన్యూ వైపు వెళ్తుంటాను. డబ్బాలో పెరుగన్నమే. ఇప్పుడు మాత్రం కూచునే ముందు తలెత్తి ఆ పెద్దమనిషి ముఖం ఒకసారి చూస్తాను.